జట్టు చెదిరితే పని బరువెక్కుతుంది

గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు భూగర్భ గనిని జనం గని అనరు, బాయి అంటారు. ఒకప్పుడు ఆ బాయి పనిలో ఎక్కువ మంది చేసింది కోల్ ఫిల్లర్ కొలువు. బ్లాస్టింగ్ అయ్యి పొగ తగ్గాక, రాలిన బొగ్గును పారలతో తట్టలకెత్తి టబ్బులు నింపేవాళ్లు. ఎన్ని టబ్బులు నిండితే అంత కూలి. పనంతా గ్యాంగు లెక్కన నడిచేది. పైకప్పు చప్పుడు చేస్తే ముందుగా పసిగట్టే చెవి ఒకరిది, బరువు ఎత్తడంలో ఒడుపు ఇంకొకరిది. నడుం పట్టేసినవాడికి ఆ రోజు తేలిక పని వదిలి, అతని వంతు మిగతావాళ్లు ఎత్తేవాళ్లు. ఊళ్లో గుత్తకు పట్టిన నాటు ముఠాలో బాలింత వంతు సాలు పక్కామె అందుకుంటుంది చూడండి, అచ్చం అలాగే.

ఆ పని సుఖమైనది కాదు. నడుములు విరిచింది, ఊపిరితిత్తుల్లో దుమ్ము నింపింది. అందుకే చేతిపని సెక్షన్లు తగ్గి బొగ్గును ఎత్తి మోసే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు రావడం మంచిదే. 1980ల్లో గోదావరిఖని గనుల్లోకి, పొడవాటి బొగ్గు గోడను ఒకే వరసన యంత్రంతో కోసే లాంగ్‌వాల్ పద్ధతి వచ్చింది. ఆ తర్వాత పైమట్టి తీసేసి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు పెరిగి, ఇప్పుడు సింగరేణి ఏడాదికి తీసే సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గులో చాలా భాగం వాటి నుంచే వస్తోంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గరికి వచ్చారు. ఉత్పత్తి లెక్క, మనుషుల లెక్క, యంత్రాల లెక్క అన్నీ కాగితం మీద ఉన్నాయి. గ్యాంగు పోతే ఏం పోయిందన్న లెక్క మాత్రం ఎక్కడా కనబడదు.

పని చేసేచోట టెన్షన్ గురించి మాట్లాడినప్పుడల్లా ఇదే జరుగుతోంది. పని ఎక్కువైంది, జీతం తక్కువైంది, పైఅధికారి కఠినుడు అనే మూడు మాటల దగ్గరే చర్చ ఆగిపోతుంది. ఆ మూడూ నిజమే కావచ్చు. కానీ మార్పు వచ్చినప్పుడు మనిషి ఎంత నలిగిపోతాడు, పని ఎంత దిగజారుతుంది అన్నది తేలేది ఎక్కువగా ఇంకో చోట. ఆ మార్పు అతని జట్టును ఏం చేసింది, ఆ జట్టుకు ఏమైనా చెప్పే అవకాశం ఇచ్చిందా అన్న చోట.

ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్నది కూడా బొగ్గు గనిలోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లో గనులకు కొత్త యంత్రాలు వచ్చాయి, ఉత్పత్తి మాత్రం అనుకున్నంత పెరగలేదు. నాగాలు పెరిగాయి, కార్మికులు గనులు వదిలి పోతున్నారు. ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫోర్త్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని దగ్గరగా చూసి 1951లో రాశారు. బామ్‌ఫోర్త్ అంతకుముందు 18 ఏళ్లు స్వయంగా గనిలో పని చేసినవాడు, అందుకే వాళ్ల రాతలో బాయి వాసన ఉంటుంది. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక చిన్న చోటు పట్టుకునేవాళ్లు. కోయడం, నింపడం, తోయడం, కప్పుకు ఊతం పెట్టడం అంతా వాళ్లే. తోడు ఎవరన్నది వాళ్లే ఎంచుకునేవాళ్లు. ఒకడు గాయపడితే అతని ఇంటి సంగతి కూడా తోటివాడే చూసుకునేవాడు.

లాంగ్‌వాల్ వచ్చాక 40 మందికి పైగా మనుషులను మూడు షిఫ్టులుగా విడగొట్టారు. ఒక షిఫ్టు బొగ్గును కోసి వెళ్తుంది, ఒకటి కన్వేయర్‌ను జరిపి దారులు సరిచేస్తుంది, ఒకటి నింపుతుంది. ఎవరి పని వాళ్లదే. ముందు షిఫ్టు పని సగంలో వదిలేసి పోతే, ఆ కష్టం తర్వాత వచ్చిన ఫిల్లర్ నెత్తిన పడుతుంది. వాళ్లు వీళ్లకు ఎదురుపడరు. ఎవరిని అడగాలి? ఫిల్లర్‌కు అప్పగించిన నిడివి అతనొక్కడిదే. అక్కడ కప్పు కుంగినా, నేల ఉబ్బినా, మిగతావాళ్లతో సమానంగా ముగించాల్సిందే.

అప్పుడు మనుషులు ఏం చేశారన్నది ఈ పరిశీలనలో గుండెకాయ లాంటి భాగం. కొందరు చిన్న చిన్న ముఠాలు కట్టి తమవాళ్లకు మాత్రమే సాయం చేసుకున్నారు, ముఠాలో లేనివాడు ఇంకా ఒంటరయ్యాడు. కొందరు ఎవరినీ నమ్మకుండా ఎవరి పని వాళ్లు చూసుకున్నారు. తప్పు ఒక షిఫ్టు మీద నుంచి ఇంకో షిఫ్టు మీదికి తోసుకోవడం రోజువారీ మాట అయింది. ఇక చివరిది నాగా. ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోవడం బద్ధకం కాదనీ, ఆ ఒత్తిడి నుంచి తనను తాను కాపాడుకునే దారి అనీ ఆ ఇద్దరూ గుర్తించారు. మన దగ్గర మస్టర్ల లెక్క చూసి ‘నాగాలు పెట్టేవాడు’ అని ముద్ర వేసే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలా కొలువులు నిలబడతాయి.

కథ అక్కడితో ఆగలేదు. కొన్ని గనుల్లో కార్మికులే ఇంకో ఏర్పాటు చేసుకున్నారు. యంత్రం అదే, లాంగ్‌వాల్ అదే. కానీ 41 మంది ఒకే జట్టుగా ఉండి, ఏ షిఫ్టు వచ్చినా ముందువాళ్లు ఆపిన చోటి నుంచి అందుకుంటారు. పనులు మార్చుకుంటారు, కూలి అందరికీ సమానం. షిఫ్టులుగా విడగొట్టి నడిపిన లాంగ్‌వాల్‌తో పోల్చి చూస్తే, అక్కడ నాగాలు 20 శాతం, ఇక్కడ 8 శాతం. ఉత్పత్తి అక్కడ చేయగలిగిన దానిలో 78 శాతం, ఇక్కడ 95 శాతం. అంటే యంత్రాన్ని వద్దనాల్సిన అవసరం లేదు. యంత్రం చుట్టూ మనుషులను ఎలా నిలబెట్టామన్నదే తేడా తెచ్చింది.

ఒంటరిగా నిలబడ్డ మనిషి శరీరంలో ఏం జరుగుతుందన్నది తర్వాతి పరిశోధనలు చెప్పాయి. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు ఒక సులువైన సూత్రం పెట్టాడు. పని భారం ఎక్కువ ఉండి, ఆ పనిని ఎలా చేయాలో తేల్చుకునే వీలు తక్కువ ఉన్నప్పుడే మనిషి ఎక్కువగా కుంగుతాడు. భారం ఎక్కువున్నా పట్టు తన చేతిలో ఉంటే అదే పని హుషారునిస్తుంది. తర్వాత దీనికి మూడోది కలిపారు, తోటివాళ్ల ఆసరా. లండన్ ప్రభుత్వ ఉద్యోగులు 10 వేల మందికి పైగా ఉన్న బృందాన్ని 1985 నుంచి ఏళ్ల తరబడి గమనించిన మైఖేల్ మార్మాట్ బృందం, పని మీద పట్టు లేనివాళ్లలో గుండె జబ్బు ఎక్కువని చూపింది. వాళ్లు గనిలో దిగినవాళ్లు కాదు, కుర్చీలో కూర్చుని ఫైళ్లు చూసేవాళ్లు.

ఈ సూత్రాన్ని హనుమకొండ బస్టాండులో పెట్టి చూడొచ్చు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కూలికి పోయేవాళ్లకు, కాలేజీ పిల్లలకు, ఎంజీఎం ఆస్పత్రికి వచ్చే తల్లులకు ఇది ఎంత మేలో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు అదే బస్సులో కండక్టర్ చేతిని చూడండి. నర్సంపేట వైపు పొద్దున బస్సు కిక్కిరిసి బయల్దేరింది. డబ్బు తీసుకోవడం లేదు కదా, పని తగ్గిందనిపిస్తుంది. కానీ ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, ఎక్కడ దిగుతారో అడిగి, టిమ్ములో (టికెట్ మిషన్‌లో) నొక్కి, ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ తీసి ఇవ్వాలి. ఆ టికెట్ లెక్క మీదే ప్రభుత్వం నుంచి సంస్థకు డబ్బు రావాలి. వెనక సీటు దాకా చేరకముందే తర్వాతి స్టేజీ వస్తుంది, ఇంకో పది మంది ఎక్కుతారు. కార్డు ఇంట్లో మరిచిపోయిన పెద్దావిడ బతిమాలుతుంది. ఆమెను దింపలేడు, టికెట్ ఇవ్వకుండా ఉంచలేడు. తనిఖీ వాళ్లు ఎక్కి లెక్కలో తేడా చూస్తే, వివరణ రాసుకోవాల్సింది ఆ కండక్టరే. భారం పెరిగింది, పట్టు తగ్గింది. కరాసెక్ చెప్పింది అక్షరాలా ఇదే.

ఇందులో తప్పు పథకానిది కాదు. డిపోలో సాయంత్రం డ్యూటీ దిగి లెక్క అప్పజెప్పేటప్పుడు ‘ఏ రూట్లో ఏ టైముకు ఇంకో బస్సు కావాలి, ఏ స్టేజీ దగ్గర రెండు నిమిషాలు ఆగితే టికెట్లు ముగుస్తాయి’ అన్నది కండక్టర్లకు, డ్రైవర్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ మాట పైకి పోయే దారి ఉందా అన్నదే ప్రశ్న. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె తర్వాత సంఘాల పని ఆగింది, డిపోల్లో వెల్ఫేర్ కమిటీలు వచ్చాయి. పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెంచడం లాంటి కొన్ని మంచి నిర్ణయాలూ అప్పుడే వచ్చాయి. కమిటీ అని పేరు పెట్టినా, సంఘం అని పేరు పెట్టినా, కార్మికుడు దాన్ని ‘మనది’ అనుకుంటేనే అందులో నోరు విప్పుతాడు. లేకపోతే చాయ్ దగ్గర చెప్పుకుని ఊరుకుంటాడు, ఆ మాట డ్యూటీ చార్టు వేసేవాళ్ల చెవిన పడదు.

ఈ ‘మనది’ అనుకోవడం మీద రెండు ఫ్యాక్టరీల కథ పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, మారియన్ అనే చిన్న ఊళ్లో పైజామాలు కుట్టే ఫ్యాక్టరీ. పనివాళ్లలో ఎక్కువ మంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పడుచులు. గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన జరిగాక, ఇక్కడి ఊళ్ల నుంచి ఆడపిల్లలు మొదటిసారి ఫ్యాక్టరీ లైన్లోకి వస్తున్న ఈ రోజుల్లో ఆ కథ మనకు మరీ దగ్గర. ఆ ఫ్యాక్టరీలో పనుల్లో చిన్న చిన్న మార్పులు చేయాల్సి వచ్చింది. ఇస్త్రీ చేసినవాటిని అట్ట మీద కాకుండా పెట్టెలో పేర్చాలి, అలాంటివి. లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ దీన్ని గమనించి 1948లో రాశారు. ఒక బృందాన్ని కూర్చోబెట్టి, రేపటి నుంచి ఇలా అని చెప్పి పంపారు. వాళ్ల ఉత్పత్తి పడిపోయి మళ్లీ లేవలేదు. గొడవలు మొదలయ్యాయి. 40 రోజుల్లో 17 శాతం మంది పని మానేశారు. ఇంకో రెండు బృందాల్లో మాత్రం మార్పు ఎందుకు అవసరమో చూపించి, ఎలా చేద్దామో అందరితో కలిసి తేల్చారు. వాళ్లు కొద్దిరోజుల్లోనే పాత స్థాయికి వచ్చి, చివరికి దానికంటే 14 శాతం పైకి పోయారు. ఒక్కరూ మానలేదు.

మొదటి బృందంలో చేతకానివాళ్లు ఉన్నారేమో అనిపించొచ్చు. రెండున్నర నెలల తర్వాత ఆ బృందంలో మిగిలిన 13 మందిని ఇంకో పనికి మార్చినప్పుడు, ఈసారి వాళ్లతోనూ కూర్చుని మాట్లాడి చేశారు. అదే మనుషులు, ఈసారి గబగబా అందుకున్నారు. తేడా మనుషుల్లో లేదని ఇంతకంటే తేటగా చెప్పడం కష్టం.

రెండో కథ నార్వేది. 1960లో వచ్చిన పరిశీలన, చెప్పులు కుట్టే ఫ్యాక్టరీలో. అదే పద్ధతి అక్కడ పెట్టి చూస్తే ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడి కార్మికులకు తమ మాట సంఘం ద్వారా పోవడం అలవాటు. యాజమాన్యం నేరుగా పిలిచి ‘మీరేమంటారు’ అని అడిగితే, అది తమ హక్కుగా వాళ్లకు అనిపించలేదు. మీటింగు పెట్టి సంతకాలు తీసుకుంటే చాలదని ఈ కథ చెబుతోంది. ఏ నోటి నుంచి వచ్చిన మాటను జనం తమ మాట అనుకుంటారో, ఆ నోటితోనే మాట్లాడాలి. సింగరేణిలో 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం (కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం) ఎన్నికలు జరగడానికి విలువ అక్కడే ఉంది. అంతకుముందు లెక్కలేనన్ని సంఘాలు, చీటికిమాటికి సమ్మెలు. ఓటుతో ఒక నోరు ఏర్పడ్డాక, కనీసం ఎవరితో మాట్లాడాలో రెండు పక్కలకూ తెలిసింది.

జట్టును అసలు లెక్కలోకే తీసుకోని మార్పు ఎలా ఉంటుందో ఓరుగల్లు ఉద్యోగుల ఇళ్లలో అడిగితే చెబుతారు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. తర్వాత ములుగు వేరయింది, పేర్లూ మారాయి. ఆ మీదట 2021 డిసెంబర్‌లో 317 జీవో వచ్చి ఉద్యోగులను కొత్త జిల్లాలకు, జోన్లకు సీనియారిటీ లెక్కన పంచింది. హనుమకొండలో ఇల్లు కట్టుకుని, పిల్లలను చదివిస్తున్న టీచరమ్మకు భూపాలపల్లి అడవి పక్క బడి వస్తే, భర్త ఉద్యోగం ఇంకో జిల్లాలో మిగిలిపోతే, ఆ ఇంట్లో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ప్రయాణం దూరం అందరికీ కనిపించే నష్టం. కనపడనిది ఇంకొకటి ఉంది. పదేళ్లు ఒకే స్టాఫ్‌రూమ్‌లో కూర్చున్నవాళ్లు ఒకరి క్లాసు ఒకరు చూసుకునేవాళ్లు, పిల్లవాడికి జ్వరమొస్తే ‘నువ్వు పో మేడమ్, నేను చూసుకుంటా’ అనేవాళ్లు. కొత్త చోట ఆ మాట అనే మనిషి దొరకడానికి ఏళ్లు పడుతుంది. బదిలీ ఉత్తర్వులో ఈ నష్టానికి గడి ఉండదు.

పంచాయతీ కార్యదర్శిది ఇంకా ఒంటరి కొలువు. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. ఊరికొకరు చొప్పున 9 వేలకు పైగా జూనియర్ పంచాయతీ కార్యదర్శులను తీసుకున్నారు. పొద్దున్నే యాప్‌లో హాజరు, మోరీలు తీసిన ఫొటో, నర్సరీ ఫొటో, పన్ను వసూలు, ఊళ్లో పంచాయితీ. పక్క టేబుల్ అంటూ ఒకటి ఉండదు. తోటి ఉద్యోగి పక్క ఊళ్లో ఉంటాడు. వాళ్లకు జట్టు అంటే వాట్సాప్ గ్రూపే. ఆ గ్రూపులు రెండు రకాలు. అధికారులు ఉన్న గ్రూపులో రాత్రి పదింటికి కూడా రిపోర్టు అడుగుతారు, ఆ మోతకే గుండె దడ. తమవాళ్లు మాత్రమే ఉన్న గ్రూపులో ‘ఈ కాలమ్ ఎట్ల నింపాలె అన్నా’ అని అడిగితే ఐదు నిమిషాల్లో జవాబు వస్తుంది. పని నడిపిస్తున్నది చాలాసార్లు ఈ రెండోదే. 2023 ఏప్రిల్, మే నెలల్లో క్రమబద్ధీకరణ కోసం వాళ్లు రెండు వారాలకు పైగా సమ్మె చేయగలిగారంటే, ఊరికొకరుగా విడివిడిగా ఉన్నవాళ్లను కలిపింది ఆ ఫోన్లే.

అయితే జట్టు ఉంటే చాలు, పని దానంతటదే పెరుగుతుందనుకోవడం పొరపాటు. షికాగో దగ్గర హాథోర్న్ ఫ్యాక్టరీలో 1931, 32 సంవత్సరాల్లో 14 మంది ఉన్న ఒక గదిని గమనించారు. రోజుకు ఇంత చేస్తే చాలని వాళ్లలో వాళ్లే ఒక గీత గీసుకున్నారు. అంతకంటే ఎక్కువ చేసినవాడి భుజం మీద ఒక గుద్దు పడేది. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారని, కొందరిని తీసేస్తారని వాళ్ల భయం. 1954లో స్టాన్లీ సీషోర్ ఒక పెద్ద యంత్రాల కంపెనీలో 228 బృందాలను చూసి ఈ చిక్కుముడి విప్పాడు. కలిసికట్టుగా ఉన్న బృందాల్లో మనుషులకు బెంగ, టెన్షన్ తక్కువ. ఇది దాదాపు అన్ని చోట్లా నిలిచింది. పనితనం మాత్రం రెండు వైపులా పోయింది. కంపెనీ మనకు అండగా ఉంటుందన్న నమ్మకం ఉన్నచోట గట్టి జట్టు అందరికంటే ఎక్కువ పని చేసింది. ఆ నమ్మకం లేనిచోట అదే గట్టి జట్టు అందరికంటే తక్కువ చేసింది. జట్టు మనిషికి గొడుగు పడుతుంది, అది ఖాయం. ఏ వైపు నడవాలో జట్టు తేల్చుకునేది యాజమాన్యం నడవడిక చూసి. సంఘాలను చూసి జంకే అధికారులు ఈ ఒక్క పరిశీలన చదివినా, భయపడాల్సింది జట్టుకు కాదని, నమ్మకం పోవడానికని తెలిసేది.

ఉత్తర తెలంగాణలో ఇప్పుడు ఈ నమ్మకానికి అతిపెద్ద చీలిక కాంట్రాక్టు గీత దగ్గర ఉంది. ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి తీసే పనిలో పెద్ద భాగం కాంట్రాక్టర్లదే. సింగరేణిలో పర్మినెంటు కార్మికులు 40 వేలైతే కాంట్రాక్టు కార్మికులు సుమారు 25 వేలు. 2023 డిసెంబర్ 27న గుర్తింపు సంఘం ఎన్నిక జరిగితే వాళ్లకు ఓటు లేదు. 2024లో లాభాల వాటా ప్రకటించినప్పుడు మొదటిసారి వాళ్లకూ మనిషికి 5 వేల రూపాయలు ఇచ్చారు. మొత్తం చిన్నదే, కానీ ‘మీరూ ఇందులో ఉన్నారు’ అన్న మాట అందులో ఉంది. అంతకుముందు ఆ మాట కూడా లేదు.

గనిలో ఈ గీతకు వచ్చే ఖరీదు డబ్బులో తేలదు. మైన్స్ రూల్స్ ప్రకారం సేఫ్టీ కమిటీలు ఉన్నాయి, కార్మికుల తరఫున గని చూసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ కూడా ఉంటాడు. కానీ ప్రమాదం కబురు ముందుగా తెలిసేది కమిటీకి కాదు, ఆ దారిలో బండి నడిపినవాడికి. వానాకాలం నైట్ షిఫ్టులో కాంట్రాక్టు టిప్పర్ డ్రైవర్ ర్యాంపు మలుపు దగ్గర అంచు కుంగడం చూస్తాడు. తెల్లవారి ఫస్ట్ షిఫ్టులో అటే పోవాల్సిన కంపెనీ డంపర్ ఆపరేటర్ గేటు దగ్గర బస్సు దిగుతుంటాడు. ఇద్దరి మస్టరు వేరు, క్యాంటీను వేరు, పేర్లు తెలియవు. పాత గ్యాంగులో అయితే ఫిల్లర్ పైకి వస్తూ, దిగుతున్నవాడి భుజం తట్టి ‘ఎడమ దిక్కు కప్పు మోగుతుంది, చూసుకో’ అని చెప్పి పోయేవాడు. ఇప్పుడు ర్యాంపు సంగతి తెలిసిన డ్రైవర్ కాంట్రాక్టర్ జీపెక్కి ఊరి దిక్కు పోతున్నాడు.